పేరు మిగలని ఉలి

విశాఖపట్నం అనగానే ఇవాళ ఓడలూ ఉక్కూ గుర్తుకొస్తాయి. 1933లో తెరిచిన రేవు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఈ ఊరికి కొత్త గుర్తింపు తెచ్చాయి. అంతకు రెండు వందల ఏళ్ల ముందే సముద్రాలకు అవతల ఈ ఊరి పేరు ఒక పనితనానికి పేరైంది. ఏనుగు దంతం తాపి, దాని మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపిన మేజాలు, సొరుగుల బీరువాలు, కుర్చీలు, నగల పెట్టెలు ఇక్కడినుంచే ఓడలెక్కాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో అవి ఇప్పటికీ ఉన్నాయి. పక్కనున్న చీటీ మీద 'వైజాగపటం' అని ఉంటుంది. చేసినవాళ్ల పేర్లుండవు. ఒక ఊరి కంసాలి చేతులు ఎలా వెలిగాయో, ఎలా ఆరిపోయాయో చెప్పే కథ ఇది. ఇందులో యుద్ధాలు లేవు, ఒక్క రోజులో కూలిన కోట లేదు. నూటయాభై ఏళ్లపాటు నెమ్మదిగా సాగిన పతనం కాబట్టే దీనికోసం ఎవరూ ఏడవలేదు.

ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది బట్టల కోసం. చుట్టుపక్కల పల్లెల్లో నేసిన గుడ్డ, అద్దకం వేసిన చీటీ గుడ్డ ఓడలకెత్తడం వాళ్ల పని. ఉత్తరాన భీమునిపట్నంలో డచ్చివాళ్లు అదే వ్యాపారం చేసేవారు. దొరలు వచ్చాక వాళ్లకు కుర్చీలు కావాలి, రాసుకునే బల్లలు కావాలి, కాగితాలు దాచుకునే సొరుగులు కావాలి. చాప మీద కూర్చుని, పీట మీద భోంచేసే దేశంలో ఆ సామాను దొరికేది కాదు. తమ వెంట తెచ్చుకున్న నమూనా ఏ కుర్చీయో చూపించి, ఇలాంటిదే చేయమని ఊళ్లో పనివాళ్లను అడిగారు.

ఆ పనివాళ్లు కంసాలులు. ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారం అనే అయిదు వృత్తుల్నీ ఒక్క విశ్వకర్మ వంశంగా చెప్పుకునే కులం. గుడి తలుపు చెక్కినా, ఉత్సవమూర్తికి నగ చేసినా, ఊరేగింపుకు పల్లకి కట్టినా వాళ్లే. కాబట్టి కర్ర మీద కర్ర అతకడం, లోహం మీద గీత గీయడం వాళ్లకు కొత్త కాదు. సరుకు కూడా కలిసొచ్చింది. పెగూ తీరంతో ఓడ వ్యాపారం ఉండేది కనుక బర్మా టేకు, దంతం రేవులోనే దిగేవి. పడమటి కొండల్లో ఇరుగుడు దొరికేది. రేవు, అడవి, దొరల అవసరం, తరతరాల చేతి నేర్పు, ఈ నాలుగూ ఒక్క ఊళ్లో కలవడం వల్ల ఆ పని పుట్టింది.

పని జరిగే తీరు చూస్తే ఎంత ఓర్పు కావాలో తెలుస్తుంది. 18వ శతాబ్దం మొదటి సగంలో నల్లటి కర్రలో గుంట తీసి, దానికి సరిపోయేలా దంతపు ముక్క కోసి పొదిగేవారు. తీగలు, ఆకులు, పువ్వులు. చీటీ గుడ్డ అంచుల మీద అద్దకంవాళ్లు వేసే లతలకూ ఈ లతలకూ చుట్టరికం స్పష్టంగా కనిపిస్తుంది. గుడ్డ మీది తీగే కర్ర మీదికి పాకినట్టుంటుంది. పొదిగిన దంతం మీద సన్నటి ఉలితో ఆకు ఈనెలూ పూరేకుల మడతలూ గీసి, ఆ గీతల్లో వేడి చేసిన నల్ల లక్క పోసేవారు. పైపైన అంటుకున్న లక్కను రుద్ది తీసేస్తే గీతలో ఉన్నది మాత్రం నిలిచేది. తెల్లటి దంతం మీద నల్లటి బొమ్మ తేలేది. కుంచె తాకకుండా వేసిన చిత్రం అది. గీత ఒకసారి పడితే చెరపడానికి లేదు. చేయి తొణికితే పలక పాడైనట్టే.

శతాబ్దం రెండో సగానికి పని మరో మెట్టెక్కింది. దంతాన్ని పలుచటి పలకలుగా కోసి, కర్ర అసలు కనపడకుండా బీరువా మొత్తానికీ తాపేవారు. ఆ పలకల్ని పట్టి ఉంచే చీలలు కూడా దంతంతో చేసినవే. ఇప్పుడు పూల తీగలు అంచులకు తప్పుకున్నాయి. నడిమి పలకల మీద ఇంగ్లండు భవనాలు, స్తంభాలు, మెట్లు, చెట్లు వచ్చాయి. దొరలిచ్చిన అచ్చుబొమ్మలు చూసి ఆ దృశ్యాలు చెక్కేవారు. తమ జన్మలో చూడని ఊళ్లను, ఎన్నడూ తడవని ఆ వానల కింది ఇళ్లను, ఈ ఉప్పుగాలి వీధుల్లో కూర్చుని దంతం మీదికి దించారు. కిటికీలు లెక్క తప్పలేదు, స్తంభాల వరస వంకర పోలేదు.

1756లో ఈ తీరానికొచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి విశాఖ చీటీ గుడ్డల్నీ, ఇక్కడి పొదుగుడు పనినీ మెచ్చుకుంటూ రాసుకున్నాడు. మరుసటి ఏడే ఫ్రెంచి సేనాని బుస్సీ ఇక్కడి ఇంగ్లీషు స్థావరాన్ని పట్టుకున్నాడు. ఆ తరవాత ఇంగ్లీషువాళ్లు తిరిగి వచ్చి, 1765లో ఉత్తర సర్కార్ల మీద మొగలు ఫర్మానా సంపాదించారు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు నేలకొరిగాడు. రాజ్యాలు ఇలా చేతులు మారుతున్నా కంసాలి ఇంట ఉలి ఆగలేదు. కొనేవాడు ఎవరన్నదే మారింది.

ఆ వైభవానికి శిఖరం 1781లో కనపడుతుంది. మద్రాసు గవర్నరుగా పనిచేసి వెళ్లిన అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను ఇంగ్లండులో వేలానికి వచ్చింది. అందులో ఉన్న దంతం తాపిన కుర్చీల్ని మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. రాణి పోయాక 1819లో ఆమె సామాను అమ్మితే, కొడుకే వాటిని కొని బ్రైటన్ రాజభవనానికి తీసుకుపోయాడు. చందనపు కర్ర మీద దంతం తాపిన ఆ కుర్చీలు విశాఖ పనిగా ఇవాళ రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి. ఒక మహారాణి కూర్చున్న ఆసనం ఈ ఊరి కంసాలి చేతిలో పుట్టింది. ఆ కంసాలికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

ఇంతకంటే నొప్పి కలిగించే కథ ఇంకొకటుంది. దంతపు పనికి ముందు, 17వ శతాబ్దం చివర్లో, మచిలీపట్నం, విశాఖ రేవులున్న ఈ కోరమండల్ తీరంలో నల్లచేవ కర్రతో కుర్చీలు చేసేవారు. ఒళ్లంతా పువ్వులు, పక్షులు, వింత జీవులు చెక్కి, కాళ్లను తాడులా మెలితిప్పి చేసినవి. వాటిలో చాలా ఇంగ్లండు చేరాయి. వందేళ్లు గడిచేసరికి ఎక్కడివో అక్కడివాళ్లు మరిచిపోయారు. లండన్ పక్క ట్వికెన్‌హామ్‌లో హొరేస్ వాల్పోల్ అనే రచయిత గోథిక్ పద్ధతిలో స్ట్రాబెరీ హిల్ అనే ఇల్లు కట్టుకున్నాడు. మధ్యయుగపు చర్చిలా కోసుదేరిన కిటికీలు, రంగుటద్దాలు ఉన్న ఇల్లు. దాన్ని నింపడానికి పాత సామాను వెతుకుతూ ఈ నల్లచేవ కుర్చీల్ని చూసి, తమ ట్యూడర్ రాజుల కాలపువనీ, ఆ కాలపు మతాధికారి కార్డినల్ వూల్సీ నాటివనీ నమ్మి మోజుపడి కొన్నాడు. ఆయన మాట నమ్మి మరికొందరు శ్రీమంతులు తమ గోథిక్ ఇళ్లకు అలాంటివే తెచ్చుకున్నారు. అలా మన తీరపు వడ్రంగి చెక్కిన కర్ర ఇంగ్లండు ప్రాచీనతకు సాక్ష్యమై కూర్చుంది. పని మెచ్చుకున్నారు, పుట్టిల్లు చెరిపేశారు. పరిశోధకులు ఆ పొరపాటు దిద్దేసరికి, తమ పూర్వుల పని అని చెప్పుకోవడానికి ఇక్కడ ఆ వృత్తిలో ఎవరూ లేరు.

గోథిక్ మాట వచ్చింది కాబట్టి, ఆ కాలపు అసలైన భక్తి సామాను గతి కూడా చెప్పాలి. మన కథ లోతు దాంతో పోల్చితేనే తెలుస్తుంది.

15వ శతాబ్దపు జర్మనీ, పోలండు చర్చిల్లో పూజావేదిక వెనక కర్రతో చేసిన పెద్ద మందసం నిలబెట్టేవారు. తలుపులకు లోపలా బయటా రంగుల బొమ్మలు, మధ్యలో బంగారు పూత పూసిన కర్ర విగ్రహాలు. మామూలు రోజుల్లో, ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో తలుపులు మూసి ఉండేవి. పండగనాడు తెరిస్తే లోపలి బంగారం కొవ్వొత్తుల వెలుగులో బయటపడేది. విశాఖ మనిషికి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహ స్వామి ఏడాది పొడుగునా చందనం కింద ఉండి, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రం నిజరూపంతో దర్శనమిస్తాడు. ఆ తరవాత విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతల్లో మళ్లీ చందనం పూస్తారు. దాచడమూ చూపడమూ రెండూ పూజలో భాగమే అన్న ఎరుక అక్కడా ఇక్కడా ఒక్కటే.

అలాంటి మందసాల్లో అతి పెద్దవాటిలో ఒకటి పోలండులోని క్రాకోవ్‌లో, సెయింట్ మేరీ చర్చిలో ఉంది. వైట్ ష్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 వరకు పన్నెండేళ్లు దాని మీద పనిచేశాడు. తరవాత జర్మనీలోని న్యూరెంబర్గ్ తిరిగివచ్చి, వ్యాపారంలో పెట్టిన డబ్బు పోగొట్టుకుని, దాన్ని రాబట్టుకోవడానికి దొంగ పత్రం సృష్టించాడు. 1503లో ఊరందరి ముందూ అతని రెండు బుగ్గలకూ కాల్చిన ఇనుము పెట్టారు. ఆ మచ్చలతోనే బతికాడు, ఆ మచ్చలతోనే చెక్కాడు. 1518లో అదే ఊరి సెయింట్ లోరెంజ్ చర్చి కప్పునుంచి వేలాడదీసిన మేరీమాత శుభవార్త శిల్పం పూర్తి చేశాడు. ఏడేళ్లు తిరక్కుండానే, 1525లో, న్యూరెంబర్గ్ లూథర్ మతంలోకి మారింది. పూజ మారింది, శిల్పానికి పని పోయింది. గుడ్డ కప్పి ఉంచేశారు. 1817లో తాడు తెగి కిందపడి ముక్కలైంది, మళ్లీ అతికారు. కార్మెలైట్ మఠం కోసం ష్టోస్ చెక్కిన చివరి మందసానికి రంగు పడనే లేదు, డబ్బూ పూర్తిగా ముట్టలేదు. అది చివరికి బాంబెర్గ్ చేరింది. ఆయన 1533లో కన్నుమూశాడు.

ష్టోస్ బొమ్మల్ని అక్కడ గొడ్డలితో నరకలేదు. వాటిని తెరవాల్సిన పండగ ఆగిపోయింది, అంతే. వస్తువుకు ప్రాణం దాన్ని వాడే రోజుల్లో ఉంటుంది. మన గుడి గరుడ వాహనమో, హంస వాహనమో చూడండి. రంగు వెలిస్తే ఉత్సవానికి ముందు మళ్లీ వేస్తారు. రెక్క విరిగితే వడ్రంగికి కబురు వెళ్తుంది. తిథి వస్తే చాలు, పని చేసేవాడి గుమ్మం ముందు ఎవరో ఒకరు నిలబడతారు. వాహనాన్ని బతికించేది మ్యూజియం కాదు, పంచాంగం.

విశాఖ దంతపు సామానుకు ఆ పంచాంగం లేదు. అదే దాని శాపం. కంసాలి చేతులు ఏ గుడికి తలుపు చెక్కాయో ఆ చేతులే దొరకు బీరువా చేశాయి. కానీ తలుపు ఊరి కళ్లముందే ఉండిపోయింది, బీరువా ఓడెక్కి వెళ్లిపోయింది. ఊళ్లో ఏ ఇల్లూ దాన్ని వాడలేదు, ఏ పెళ్లీ దాన్ని అడగలేదు, ఏ పండగా దాన్ని ముందుకు తేలేదు. కొనేవాడు ఒక్కడే, వాడు దూరదేశంవాడు. వాడి అభిరుచి మారిన రోజున వీళ్లకు చెప్పేవాడు కూడా లేడు.

19వ శతాబ్దంలో ఆ అభిరుచి మారింది. కంపెనీ ఉద్యోగులు సొంత వ్యాపారంతో మూటగట్టుకున్న సంపదల రోజులు పోయాయి. 1833 చట్టంతో కంపెనీ వర్తకమే ముగిసింది. ఆవిరి ఓడల్లో ఇంగ్లండు సామాను నేరుగా దిగసాగింది. నిలువెత్తు బీరువా అడిగే దొర కనుమరుగై, ఇంటికి తిరిగి వెళ్తూ ఒక చిన్న గుర్తు పట్టుకుపోయే ప్రయాణికుడు వచ్చాడు. పని కుంచించుకుపోయింది. కుట్టు పెట్టెలు, టీ ఆకు డబ్బాలు, చేతితొడుగుల పెట్టెలు. దంతం ఖరీదు కాబట్టి దానికి తోడు దుప్పి కొమ్ము, ముళ్లపంది ముళ్లు, తాబేటి చిప్ప. లోపల చందనపు చెక్క. దంతపు మూత మీద ఇప్పుడు ఇంగ్లండు భవనాల బదులు మన దేవతలు వచ్చారు. నల్ల లక్క గీతల్లో విష్ణువు, శివుడు, గణపతి. చూస్తే గుండె కలుక్కుమంటుంది. తమ దేవుణ్ని చెక్కే వేళ వచ్చేసరికి ఆ బొమ్మ ముందు దీపం పెట్టేవాళ్లు లేరు. కొండ మీద స్వామి ఒంటికి పూసే చందనమే ఇక్కడ దొరసాని చేతితొడుగుల పెట్టె అయింది.

ఆదరించినవాళ్లు లేకపోలేదు. విశాఖ జమీందారు గోడె నారాయణ గజపతిరావు ఈ పనికి అండగా నిలిచారు. ప్రదర్శనలకు ఈ పెట్టెలు వెళ్లాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1901లో దక్షిణాది దంతపు పని మీద ఒక పుస్తకం వెలువరించాడు. 1907లో జిల్లా గెజిటీర్ వచ్చేనాటికి, ఈ పనికి పునాది వేసింది 1859 నుంచి 1862 దాకా కలెక్టరుగా ఉన్న ఫేన్ అనే దొర అని చెప్పుకునే స్థితి వచ్చింది. కార్నీల్ మెచ్చుకుని అప్పటికి నూటయాభై ఏళ్లు. రాణి షార్లెట్ కుర్చీలు చేసి నూట ముప్పై ఏళ్ల పైమాట. సొంత ఊళ్లోనే ఆ తాతలు గుర్తులేరు. స్ట్రాబెరీ హిల్‌లో పుట్టిల్లు పోతే, ఇక్కడ పుట్టిన తేదీ పోయింది.

ఇక చివరి మాట ఏనుగుది. ఆ మాట దాటవేస్తే ఈ కథ అబద్ధమవుతుంది. ప్రతి తెల్లటి పలక వెనకా ఒక ఏనుగు చావుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆసియా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం 1975లో, ఆఫ్రికా ఏనుగుది 1989 నిర్ణయంతో ఆగిపోయాయి. మన దేశం 1986, 1991 సవరణలతో లోపలి వ్యాపారాన్నీ పూర్తిగా మూసేసింది. అది న్యాయం. మిగిలివున్న కొద్దిపాటి పనికి అది తుదిదెబ్బ అని తెలిసీ న్యాయమే అంటున్నాను. ఒక కళ బతకడానికి ఒక జాతి చావాలంటే ఆ కళ తప్పుకోవాల్సిందే. అయినా చట్టం వచ్చేనాటికి చంపడానికి మిగిలింది ఎంత? దంతం నిషేధించడానికి ముందే ఆ గీత గీసే చేతిని ఆకలి ఆపేసింది. ఏనుగును కాపాడిన చట్టాన్ని తప్పుపట్టి, కంసాలిని కాపాడని కాలాన్ని మరిచిపోవడం సరికాదు.

దంతం పోతే పోనీ, పోయిన విద్య మాత్రం దంతానిది కాదు. చూడని భవనాన్ని అచ్చుబొమ్మలోంచి పలక మీదికి దించే చూపు, తిరిగి దిద్దుకోవడానికి వీల్లేని గీతను తొణక్కుండా లాగే వేలు, లక్క ఎంత వేడి మీద పారుతుందో పసిగట్టే అనుభవం, ఇవీ పోయినవి. ఎముక మీదా, కర్ర మీదా, కొమ్ము మీదా అదే గీత పడేది. పడనిచ్చే అవసరం ఊరికి ఉంటే వృత్తి మరో ఒంట్లోకి మారి బతికేది. ఏ తండ్రి అయినా కొడుక్కి ఉలి ఇచ్చేది రేపు ఎవరో పిలుస్తారన్న ధీమాతో. ఆ ధీమా లేనప్పుడు రేవులో కూలీ, కార్ఖానాలో జీతం మేలనుకోవడం తప్పు కాదు. వృత్తి వదిలినవాణ్ని నేను నిందించను. పిలవని మనల్నే అడుగుతాను.

ఎందుకంటే ఇప్పుడు కూడా పిలవదగినవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తున్న కుటుంబాలున్నాయి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పత్రం గోడకు వేలాడుతుంది, అన్నం పెట్టదు. మెచ్చుకున్నవాళ్లు విశాఖ కంసాలికీ తక్కువ కాలేదు: సైనికుడు మెచ్చాడు, రాజు కొన్నాడు, మ్యూజియాలు దాచాయి. అతనికి కావలసింది తన ఊరి ఇళ్లలో తన పనికి ఒక చోటు, తన ఊరి పంచాంగంలో తన పనికి ఒక రోజు. మనింటి పెళ్లిలో కుంకుమ భరిణె ఏటికొప్పాకది కావాలి, పసిపిల్ల ఆడుకునే లక్కపిడతలు అక్కడివే కావాలి, బొమ్మల కొలువులో మెట్టుకో బొమ్మ కొత్తగా చేయించాలి, పాతది విరిగితే చేసినవాడికే కబురు పెట్టాలి. పని చేసేవాడి పేరు అడిగి, రాసి పెట్టుకోవాలి. ఒక కళను కాపాడటం అంటే ప్రతి ఏటా మళ్లీ దాన్ని అడగడమే.